తలుపులమ్మ కాపలా కాసిన మిషను

మా నేరేడుమెట్టలో ఏ ఇంటికి వెళ్లినా ముందు కనిపించేవి మూతలే. నీళ్ల బిందె మీద మూత, కూర గిన్నె మీద మూత, ఆ మూత మీద తడిగుడ్డ, ఉయ్యాల మీద పాత చీర. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పరవాడ వైపు నుంచి గాలి మళ్లుతుంది. ఫ్యాక్టరీల వాసన ముందుగా ఎవరి ముక్కుకు తగిలితే వాళ్లు వీధిలోకి వచ్చి "వత్తందర్రో!" అని కేక పెడతారు. ఇంక ఊళ్లో ఆడవాళ్లంతా ఎక్కడి పని అక్కడ వదిలేసి గిన్నెలు మూయడానికి పరుగెడతారు. మూత వేయని నీళ్లు మర్నాడు తాగితే నోరంతా చేదుగా ఉంటుంది. కాపురానికి వచ్చిన కోడలికి మా ఊళ్లో అత్తగారు మొదట నేర్పేది ఈ పనే.

నా పేరు శ్రీదేవి. ఈ ఊరి అంగన్‌వాడీ టీచర్ని. నాకు ముక్కు మీద కోపమని ఊరంతా అంటుంది. మా సూపర్‌వైజరయితే మీటింగులో నలుగురి ముందే అంటుంది. అననివ్వండి. నేను చెప్పబోయేది తలుపులమ్మత్త సంగతి. అది కోపం లేకుండా చెప్పడం నాకు చేతకాదు.

తలుపులమ్మ నాకు వరసకు మేనత్త. పీలగా ఉండే మనిషి. ఆమెకు ఒక గుణం ఉంది. ఎవరి వస్తువైనా తన చేతికి వచ్చిందంటే, తన సొంత వస్తువు కంటే పదిలంగా చూసుకుంటుంది. మీరు గిన్నెలో పప్పు పంపితే, ఆ గిన్నె మీ ఇంటికి తిరిగి వచ్చేసరికి మీరే గుర్తుపట్టలేనంతగా తోమి ఉంటుంది. ఊళ్లో వాళ్లు మొక్కు తీర్చుకోవడానికి లోవ వెళ్లినా, సింహాచలం వెళ్లినా ఇంటి తాళాలు, కోళ్లు, చూడి గేదె అన్నీ ఆమెకే అప్పజెప్పి వెళ్లేవారు. ఒకసారి మా కోడిపెట్టను కుక్క పట్టుకుపోబోతే, దాని నోట్లోంచి లాగి చెయ్యి కరిపించుకుంది. ఇంజక్షను చేయించుకుంటూ కూడా పెట్ట బాగుందా అనే అడిగింది.

ఆమె మొగుడు కొర్లయ్య మావ ఒకప్పుడు చెరకు రైతు. గానుగాడి, బెల్లం వండించి, బండి కట్టుకుని అనకాపల్లి మార్కెట్టుకి తోలుకెళ్లేవాడు. తర్వాత పొలాలు పోయాయి, గోడలు లేచాయి, గొట్టాలు లేచాయి. ఏ కంపెనీ అని నన్ను అడక్కండి, మా కళ్లకు అన్నీ ఒకటే. సొంత పొలం ఉన్న చోటే కాంట్రాక్టు కూలీగా చేరి ట్యాంకులు కడిగాడు. కొన్నేళ్లకు ఊపిరి పట్టడం మొదలైంది. మెట్లెక్కితే ఆయాసం, తర్వాత నడిస్తే ఆయాసం, చివరికి అన్నం తింటున్నా ఆయాసమే. దుమ్ముకి బెల్లం విరుగుడు అని రోజూ చిన్న ముక్క బుగ్గన పెట్టుకునేవాడు. బెల్లం ఏం చేస్తుంది పాపం.

అనకాపల్లి పెద్దాసుపత్రిలో డాక్టరు ఉన్నమాట చెప్పేశాడు. "మందులు నేనిస్తాను. గాలి నేనివ్వలేను. ఆ ఊళ్లోంచి ఎలాగోలా బయటపడండి, మనిషి బతుకుతాడు" అన్నాడు. ఎక్కడికి పోతారు? కూతురు ఉమాదేవిని మాడుగుల ఇచ్చారు, వాళ్లే ఒక్క గదిలో సర్దుకుంటున్నారు. అల్లుడింట్లో పడి దగ్గుతూ కూర్చోనని మావ మొండికేశాడు. మిగిలింది ఒకటే దారి, ఊరు ఊరంతా తరలిపోవడం. ప్రభుత్వం వేరే చోట స్థలమిచ్చి ఇళ్లు కట్టిస్తే అందరితోపాటు వాళ్లూ వెళ్తారు. దానికోసం మేమంతా కలెక్టరాఫీసు చుట్టూ తిరిగాం. వెళ్లినప్పుడల్లా ఒకటే మాట. వాసన వస్తోందంటే కుదరదమ్మా, కొలత కావాలి అన్నారు.

అప్పుడొచ్చారు బోర్డు వాళ్లు. శాస్త్ర సాంకేతిక ప్రగతి బోర్డు అని పేరు. సైన్సుతో రాష్ట్రానికి సంపద పెంచడం వాళ్ల పని. అంతకు ముందొకసారి వచ్చి మాకు పుట్టగొడుగుల పెంపకం నేర్పారు. ఆ పుట్టగొడుగులు మా గాలికి మొలవను కూడా మొలవలేదు. ఇంకోసారి విస్తరాకుల మిషను తెచ్చారు, దాని మీద ఇప్పుడు కోళ్లు పడుకుంటున్నాయి. ఈసారి మాత్రం వాళ్ల డైరెక్టరు చంద్రమౌళిగారే వచ్చి, గాలిని కొలిచే మిషను పెడుతున్నామన్నాడు. ఏడాదిపాటు అది చెప్పిన లెక్క చూసి, ఊరిని కదపాలో వద్దో బోర్డు సిఫారసు చేస్తుందట. మా ఊళ్లో చాలామందికి ఆ రోజు దేవుడు దిగివచ్చినట్టే అనిపించింది, నాతో సహా.

తలుపులమ్మత్త ఇంటి ముందు ఖాళీ జాగాలో స్తంభం పాతారు. పైన తెల్ల పెట్టె, దాని పక్కన చిన్న సోలారు పలక. బిందుమాధవి అనే ఇంజనీరమ్మాయి దగ్గరుండి బిగించింది. మంచి పిల్ల, ఎండలో నిలబడి చెమటలు కక్కుతూ పని చేసింది. అంతా అయ్యాక, పెట్టెకు తొడిగి తెచ్చిన మందపాటి ప్లాస్టిక్కు కవరు మడతపెట్టి అత్త చేతిలో పెట్టింది.

"ఇది చాలా సున్నితమైన మిషను, పెద్దమ్మా. దుమ్ము పడకూడదు, తడవకూడదు. తుఫాను వస్తే ఈ కవరు తొడిగెయ్యండి. మీ ఊరి భవిష్యత్తంతా దీని మీదే ఉంది, జాగ్రత్తగా చూసుకోవాలి" అంది.

"మీరు బెంగెట్టుకోకండమ్మా. నా కడుపున పుట్టినోలికన్నా బాగా సూసుకుంతాను" అంది అత్త.

శిక్షణ అంటే అదే, ఆ రెండు మాటలే. వాళ్ల జీపు వెళ్లిపోయింది. ఆ సాయంత్రం "వత్తందర్రో!" అని కేక వినబడింది. తలుపులమ్మత్త తన ఇంట్లో అన్నం గిన్నె కూడా మూయకుండా స్టూలు పట్టుకుని బయటికి పరుగెత్తి, ముందు మిషనుకు కవరు తొడిగి, తాడుతో ముడేసింది. మేమంతా చూశాం. చూసి, అప్పజెప్పినందుకు తగిన మనిషే అని మెచ్చుకున్నాం. మా ఊళ్లో విలువైన దాన్ని దేన్నయినా ఆ వేళకు మూసేస్తారు. బిడ్డను మూస్తాం, నీళ్లను మూస్తాం, మిషనును మూయకుండా ఎలా ఉంటాం? అది తప్పు కావచ్చన్న ఊహ ఊళ్లో ఒక్కరికీ రాలేదు.

వాసన తగ్గాక మళ్లీ స్టూలెక్కి కవరు విప్పేది. పొద్దున్నే మెత్తటి గుడ్డతో స్తంభం తుడిచేది. ఆయుధపూజ నాడు పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, బంతిపూల దండ వేసింది. పిల్లలు బంతి విసిరితే వాళ్ల వెంట చీపురు పట్టుకుని పడేది. ఆమెకు ఒంట్లో బాగోనప్పుడు కూడా ఆ వేళకు లేచి వెళ్లి కవరు తొడిగి వచ్చి మళ్లీ పడుకునేది.

కొర్లయ్య మావ మంచం మీద నుంచే ఆట పట్టించేవాడు. "ఏటే, నన్నొగ్గీసి దాన్ని కట్టుకున్నావేటి? నాకు దుప్పటి కప్పి ఎన్నాల్లయింది సెప్పు" అనేవాడు.

"నీకు దుప్పటి కప్పితే ఏటొత్తాది మావా? దానికి కప్పితే ఇల్లొత్తాది. ఏడాది ఓపిక పట్టు. అది నిజం సెప్తాది. ఆలు మనల్ని మంచిసోటుకి తీసికెల్తారు" అనేది ఆమె.

కొత్త ఇల్లు ఎక్కడ కావాలో కూడా మావ ఎంచుకుని పెట్టుకున్నాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు దగ్గరలో ఎక్కడైనా పరవాలేదట. సీజన్లో బెల్లం వాసన పీల్చుకుంటూ పడుకుంటానన్నాడు. ఆమె మాత్రం వంటింటికి పెద్ద కిటికీ కావాలంది. ఇక్కడ కిటికీలన్నీ అట్టలు అంటించి మూసేసినవే మరి. ఇద్దరూ ఆ ఇంటి గురించి చిన్నపిల్లల్లా దెబ్బలాడుకునేవారు. మధ్యలో ఆయనకు దగ్గొచ్చి మాట ఆగిపోయేది. ఆమె వీపు రాస్తూ కూర్చునేది.

ఏడాది పూర్తవుతుండగా మావ మంచం దిగడం మానేశాడు. అప్పుడే బోర్డు నుంచి కబురొచ్చింది. అనకాపల్లిలో పెద్ద సభ, చుట్టుపక్కల ఊళ్లలో పెట్టిన మిషన్లను బాగా చూసుకున్న వాళ్లలో తలుపులమ్మకు మొదటి బహుమతి. ఫలితాలు కూడా ఆ రోజే చెబుతారట. ఆమె ట్రంకుపెట్టె అడుగున దాచిన పట్టుచీర తీసింది. మావ నిలబడలేడు కాబట్టి పక్కింటి చిన్నమ్మలుకు ఆయనను అప్పజెప్పి, నన్ను తోడు తీసుకెళ్లింది. బస్సులో దారి పొడుగునా నా చెయ్యి పట్టుకునే ఉంది.

హాలునిండా ఏసీ. వేదిక మీద కంపెనీల పెద్దలు, ఆఫీసర్లు, ముందు వరసలో కాలేజీ పిల్లలు. చంద్రమౌళిగారు తెర మీద బొమ్మ వేశాడు. ఒక్కో ఊరికి ఒక్కో కడ్డీ. కొన్ని ఊళ్ల కడ్డీలు ఎర్రగా పైదాకా ఉన్నాయి. ఒక్కటే పచ్చగా, పొట్టిగా ఉంది.

"ఆ పచ్చదాని కింద మన ఊరి పేరేనేటే సీదేవీ?" అని చెవిలో అడిగింది అత్త. "పొట్టిగుంది. పొట్టిగుంతే మంచిదా, పొడుగుంతే మంచిదా?"

నేను జవాబు చెప్పేలోపే ఆయన చెప్పేశాడు. "ఫ్యాక్టరీల పక్కనే ఉన్నా నేరేడుమెట్ట గాలి అన్ని ఊళ్లకంటే శుభ్రంగా ఉంది. ముఖ్యంగా సాయంత్రాలు, రాత్రుళ్లు అయితే కొండమీద గాలిలా ఉంది. అభివృద్ధికీ ఆరోగ్యానికీ పేచీ లేదని ఈ ఊరు నిరూపించింది. తరలింపు అవసరం లేదని బోర్డు సిఫారసు చేసేసింది. ఊరి పక్కన ఖాళీగా ఉన్న భూమిలో కొత్త యూనిట్లు వస్తాయి, మన పిల్లలకు ఉద్యోగాలొస్తాయి" అన్నాడు. చప్పట్లు మోగాయి.

నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడి "అబద్ధం, మేం అక్కడ ఊపిరాడక చస్తున్నాం" అని అరిచాను. ఆయన నవ్వుతూ, "అమ్మా, మన ముక్కులు పొరబడొచ్చు. మిషను పొరబడదు" అన్నాడు. కాలేజీ పిల్లలు నవ్వారు. తర్వాత తలుపులమ్మను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆమె ఫొటోలో నవ్వలేదు. శాలువాలో బిగుసుకుపోయి, ఇంకా ఆ తెరకేసే చూస్తోంది.

బయటికొచ్చాక మెట్ల మీద కూలబడింది. "అది అబద్దమెందుకు సెప్పిందే? నానేటి తక్కువ సేసేను దానికి?" అంది.

బిందుమాధవి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. ఆ పిల్ల ముఖం కూడా బాగోలేదు. మీ ఊరి లెక్కలు నాకు మొదటినుంచీ నమ్మబుద్ధి కావడం లేదక్కా, పైవాళ్లకు చెబితే మంచి లెక్కలొస్తుంటే నీకేం కష్టమన్నారు, ఒకసారి వచ్చి మిషను విప్పి చూస్తాను అని నాతో చెప్పింది. తన జీపులోనే మమ్మల్ని ఎక్కించుకుంది. అంతకు ముందు తను ఎప్పుడు వచ్చినా మధ్యాహ్నం వచ్చి, ఎండ తగ్గకుండా వెళ్లిపోయేది.

ఊళ్లోకి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. జీపు అత్త ఇంటి ముందు ఆగుతుండగానే వీధి చివర నుంచి కేక వినబడింది. "వత్తందర్రో!"

తలుపులమ్మత్త జీపు పూర్తిగా ఆగకముందే దూకింది. శాలువా జారి మట్టిలో పడింది. గుమ్మం పక్కనున్న స్టూలు లాగి, ఎక్కి, కవరు తొడిగి, తాడు రెండు చుట్లు తిప్పి ముడి బిగించింది. కళ్లు మూసుకుని చేసినా తప్పని అలవాటు. దిగి, ఆయాసపడుతూ బిందుమాధవి వైపు తిరిగింది.

"సూడమ్మా, నీ కల్లతో నువ్వే సూడు. ఏడాదంతా ఇలాగే కాపాడేను. ఆ పాడు గాలి ఒక్క పాలి కూడా దీనికి తగల్నీనేదు. మరెందుకమ్మా అలాగ సెప్పింది?"

బిందుమాధవి స్తంభం దగ్గరే నేల మీద కూర్చుండిపోయింది. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయింది.

"పెద్దమ్మా, అది పీల్చాలి" అంది చివరికి. "ఆ పాడు గాలిని పీలిస్తేనే అది ఉందని చెబుతుంది. నేను... నేను ఆ మాట మీకు చెప్పలేదు."

అత్తకు వెంటనే అర్థం కాలేదు. కవరు వైపు చూసింది, తెరిచి ఉన్న గుమ్మంలోంచి మంచం మీద ఎగపోస్తున్న మావ వైపు చూసింది. అప్పుడు అర్థమైంది. స్టూలెక్కి ముడి విప్పబోతే బిగుసుకుపోయిన తాడు ఊడిరాలేదు. పళ్లతో కొరికి తెంపింది. "పీల్చు, పీల్చవే" అంటూ పెట్టెను రెండు చేతులతో కొట్టింది. నేను పట్టుకుని కిందికి దింపాను.

బిందుమాధవి జరిగింది జరిగినట్టు రాసి బోర్డుకు ఇచ్చింది, తన తప్పు కూడా దాచలేదు. చంద్రమౌళిగారు నివేదిక వెళ్లిపోయిందన్నాడు. మళ్లీ ఏడాది కొలవాలంటే కొత్త మంజూరు కావాలన్నాడు. బహుమతి ఇచ్చిన చోట పొరపాటు జరిగిందంటే బోర్డు పరువేం కావాలన్నాడు. ఆ పిల్లను రాయలసీమ వైపు బదిలీ చేశారు. మిషను గడువు అయిపోయిందని మనుషులొచ్చి పెట్టె విప్పుకుపోయారు. పసుపు మరకలతో స్తంభం మాత్రం ఉండిపోయింది.

ఊరికి కోపం తీర్చుకోవడానికి ఎవరో ఒకరు కావాలి కదా. చంద్రమౌళిగారు దొరకడు, కంపెనీలు దొరకవు, తలుపులమ్మ దొరికింది. కుళాయి దగ్గర చిన్నమ్మలు, "మన గోరీలు మన సేతే కట్టించీసిందిరా బాబూ" అంది. ఏడాదిపాటు అదే గుమ్మం ముందు నిలబడి మెచ్చుకున్న మనిషి ఆమె. నేను బిందె అక్కడే పడేసి దెబ్బలాటకు దిగాను. అత్త నన్ను వెనక్కి లాగి, "ఒగ్గీవే, అబద్దమేటి ఆడింది" అంది. ఆ తర్వాత ఎవరూ తాళాలు ఆమెకు ఇవ్వలేదు. ఇచ్చినా ఆమె తీసుకునేది కాదు.

మావ మాత్రం ఒక్క మాట అనలేదు. ఒకరోజు నేను మా పెట్ట పెట్టిన గుడ్లు ఇవ్వడానికి వెళ్తే, ఆమె చెయ్యి పట్టుకుని చెబుతున్నాడు. "నువ్వు కప్పకపోయినా ఆలు ఇంకేటో సెప్పీవోలేనే. ఏడవకు. పోనీ ఆ మిషనైనా నీ సేతిలో మంచి గాలి పీల్చుకుంది" అని నవ్వబోయాడు. దగ్గొచ్చింది. ఆమె నవ్వలేదు, వీపు రాస్తూ గోడకేసి చూస్తూ ఉండిపోయింది.

అప్పటినుంచి తలుపులమ్మత్త మూతలు వేయడం మానేసింది. కేక వినబడితే ఊరంతా పరుగెడుతుంటే ఆమె కదలకుండా కూర్చునేది. నీళ్లు చేదెక్కితే అవే తాగేది. మావకు మాత్రం నేను మా ఇంటి నుంచి నీళ్లు పంపేదాన్ని.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం కొర్లయ్య మావ చనిపోయాడు. బుగ్గన బెల్లం ముక్క ఇంకా కరగలేదు. మాడుగుల నుంచి ఉమాదేవి వచ్చి చూడాలని శవాన్ని వాకిట్లో చాప మీద ఉంచాం. ఊరంతా వచ్చింది, చిన్నమ్మలు కూడా వచ్చి ఏడుస్తూ కూర్చుంది. చూస్తుండగానే సాయంత్రమైంది. ఎవరో కేక పెట్టారు.

ఏడుస్తున్న వాళ్లంతా అలవాటుగా లేచారు. బిందెల కోసం, ఉయ్యాలల కోసం పరుగెత్తారు. చిన్నమ్మలు కూడా అదే అలవాటుతో మావ ఛాతీ మీదున్న దుప్పటి లాగి ముఖం మీద కప్పింది.

తలుపులమ్మత్త ఆ దుప్పటి పట్టుకుని తీసేసింది.

"మావ మొకం కప్పకు సిన్నమ్మలూ. ఏడాదంతా కప్పేను, ఆ పాడు గాలి సంగతి ఎవులికీ తెల్లకుండా నానే కప్పేను. ఇంక కప్పను" అంది. గొంతు చాలా మామూలుగా ఉంది. తర్వాత నా వైపు తిరిగింది. "సీదేవీ, బోర్డోలికి పోన్ సెయ్యి. కొలత కావాలన్నారు కదా, ఇదిగో ఉందని సెప్పు. మూత తీసీసేను, వచ్చి సూసుకోమను."

నేను నిజంగానే ఫోను చేశాను. ఆఫీసు వేళ అయిపోయింది, ఎవరూ తీయలేదు. చుట్టూ ఇళ్లల్లో గిన్నెల మీద మూతలు పడుతున్న చప్పుడు వినబడుతోంది. ఉమాదేవి వచ్చేదాకా అత్త ఆ దుప్పటిని ఒళ్లో పెట్టుకుని, ఆయన ముఖం పక్కనే కూర్చుని ఉంది.